నీళ్లకు ఎర్ర అంచు

బొమ్మ కింద పేరు చదివి చప్పట్లు కొట్టిన పెద్దమనుషులారా, కుంచెలు కడిగిందెవరని మీలో ఒక్కరైనా అడిగారా? ఆ కడిగిన చెయ్యే కుంచె పట్టిందేమోనన్న అనుమానం ఒక్కరికైనా వచ్చిందా?

కమ్లికి మాత్రం మొగుడి మీదే అనుమానం వచ్చింది, పాల్వంచలో ఇంటి ముందు అంట్లు తోముతుండగా. ఆమె మొగుడు భాస్కర్ డ్రాయింగ్ సారు. కాలువ బొమ్మకు బహుమతి వచ్చిందని ఖమ్మం ప్రదర్శనకు తయారవుతూ, "నువ్వెందుకు గీ ఎండల? పిల్ల బడి నుంచొస్తది, ఇంట్ల ఉండు" అన్నాడు. పన్నెండేళ్ల కాపురంలో ఆమెకు ఎండ తగులుతుందని అతనికి తోచడం అదే మొదలు. కట్టెలకు పోయినప్పుడు లేని ఎండ, మిరపతోటలో లేని ఎండ ఇవాళ ఎక్కడ పుట్టింది?

ఆ బొమ్మ సంగతి ఆమెకు తెలుసు. నెలరోజులు గీశాడు. గట్టు కుదిరింది, తుమ్మచెట్లు కుదిరాయి, నీళ్లు మాత్రం చచ్చి పడున్నాయి. "వెలుగొస్తలేదేందే!" అని బొమ్మను గోడకు తిప్పి బడికి పోయేవాడు. పొద్దు పొడిచేసరికే బిందెతో కాలువకు పోయే మనిషికి వెలుగెట్లా వస్తుందో తెలియదా? అది పరుచుకోదు. ముక్కలుగా తెగి ఒక్కో చోట నిలబడుతుంది, అచ్చం లంబాడీ తండాలో అమ్మ రవికె మీద కుట్టుకున్న అద్దాల్లాగా. ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి, అతని కుంచె తీసి, నీళ్లనిండా అద్దాలు కుట్టింది. ఒక్కో తెల్ల ముక్క చుట్టూ సన్నటి ఎర్ర గీత. సాయంత్రం చూసి భాస్కర్ చెయ్యెత్తాడు. "నీళ్లకు ఎర్ర అంచేందే? తండా బుద్ధి!" అన్నవాడు తర్వాత చాలాసేపు బొమ్మ ముందే కూర్చున్నాడు. చెరపలేదు. ఆమె అది సిగ్గనుకుంది. ఎంత వెర్రిది!

కూతురు పుష్పను చూడమని పక్కింటి సైదమ్మకు చెప్పి తర్వాతి బస్సెక్కింది.

ప్రదర్శన హాల్లో బహుమతులిచ్చే శ్యామల మేడం బొమ్మ ముందు నిలబడి ఉంది. "ఈ వెలుగే వేరు సార్! చుట్టూ ఆ ఎరుపేంటి?"

"కూలోళ్ల నెత్తురు మేడం. రోజూ తెల్లారకముందే గట్టు మీద కూసోని చూసిన."

ఎనిమిదింటిదాకా దుప్పటి దించనివాడు!

కమ్లి జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "నెత్తురు కాదమ్మా. అద్దం ఊడకుండ చుట్టూ కుట్టే దారమది."

"మా ఇంటామె మేడం, దానికేం తెల్వది" అని నవ్వి, భాస్కర్ ఆమె చెవిలో పళ్లు కొరికాడు. "ఇంటికి పా, చెప్త."

"ఈడనే చెప్పు, పుష్ప నాయినా. ఒక్క అద్దానికి దారం లేదు. అదేదో, బొమ్మ దిక్కు చూడకుండ చెప్పు."

భాస్కర్ తల బొమ్మ వైపు తిప్పబోయి ఆగాడు.

"ఎడమ దిక్కు, గట్టు కింద. పాలు పొంగినయని ఉరికిన, మళ్ల కుట్టలే."

శ్యామల మేడం వంగి చూసింది. గట్టు కింద ఒక తెల్ల ముక్క, అంచు లేకుండా ఉంది.

"గట్టు ఆయనదే, కాదన. ఆయన పేరు గట్టు మీద ఉండనీయున్రి. నీళ్ల మీద నా పేరు రాయిన్రి, చెరగని రంగుతోని. ఇప్పుడే, గీ మందిల్నే. రాసేదాక నేను బస్సెక్క."