కుంకుమ పోని గీత

నేను ఒక క్రేన్ హుక్కుని. పన్నెండు టన్నులు మోయగలనని నా మెడ మీద అంకె చెక్కారు. ఎర్రగా కాల్చి పెద్ద సుత్తి కింద వంచి నన్ను తయారుచేసిన వారి ముఖాలు నాకు గుర్తులేవు. పదిహేనేళ్ళు రేవులో పెట్టెలు దించాను. తరువాత విశాఖ శివార్లలోని ఒక ఫౌండ్రీ వాళ్ళు కొనుక్కున్నారు. కరిగిన ఇనుము నిండిన కుండని మోయడం అక్కడ నా పని. మనుషులు తమ ప్రాణాలు వేలాడదీసిన వస్తువుకి దండం పెడతారు. అది తప్పని నేననను. కాని చేతులు జోడించేటప్పుడు కళ్ళు కూడా మూసుకుంటారు. అదే నాకు భయం.

పైడయ్య పొడవాటి ఇనుప చువ్వతో కుండ ఊగకుండా పట్టి, దాన్ని అచ్చు మీదకి నడిపించేవాడు. ప్రతి శుక్రవారం నన్ను కిందికి దింపించి, పాత బొట్టు గోనెగుడ్డతో తుడిచి, నూనెలో కలిపిన కుంకుమ అమ్మవారికి పూసినట్టు కొత్తగా పూసేవాడు. ఒక శుక్రవారం ఎంత తుడిచినా నా వంపు లోపల సన్నటి ఎర్రగీత ఒకటి పోలేదు.

అది బీట అని నాకు ఎప్పటినుంచో తెలుసు. బరువెత్తినప్పుడు ఒళ్ళంతా పరుచుకోవలసిన లాగుడు ఆ బీట దగ్గరికొచ్చి, దాటే దారిలేక, దాని మొన చుట్టూ గుమిగూడేది. మొన కొంచెం ముందుకి జరిగేది. కింద పైడయ్య తల కనబడేది. చెప్పడానికి నాకు నోరేదీ?

"బాబూ, ఈ గీత ఏటో ఓపాలి సూడండి," అన్నాడు పైడయ్య.

"అమ్మవారు నామం దిద్దుకుందిలేరా," అని సూపర్‌వైజర్ రామలింగం నవ్వేశాడు.

పైడయ్య ఊరుకోలేదు. కొత్తగా వచ్చిన ఇంజనీరు హిమజని పిలుచుకొచ్చాడు. ఆమె గీత పొడవూ లోతూ కొలిచి, షెడ్డు పక్కనే ఉన్న అద్దాల గదిలో కంప్యూటరు ముందు కూర్చుంది. నా బొమ్మ గీసి, వేల త్రికోణాలుగా విడగొట్టి, ఒక్కో ముక్క మీద ఎంత లాగుడు పడుతుందో లెక్క కట్టించింది. తెర మీద నా ఒళ్ళు నీలంగా ఉంది. బీట మొన మాత్రం కుంకుమలా ఎర్రగా వెలిగింది.

"ఏమ్మా, ఎంతొచ్చింది?" అన్నాడు రామలింగం.

"మొన దగ్గర ముక్కలు చిన్నవి చేసేకొద్దీ అంకె పెరుగుతూనే ఉంది సార్."

"అంతే లేని లెక్క కోసం నా పోత ఆపమంటావా? ఎత్తండ్రా కుండ!"

కుండ లేచింది. ఇనుము కుతకుతలాడుతోంది. నా లోపల లాగుడంతా మొన దగ్గరికి పరిగెత్తింది. అద్దాల గదిలో హిమజ మొనని వదిలేసి, దాని చుట్టూ ఒక వలయం గీసి, ఆ వలయం మీద లెక్క కట్టింది. ఈసారి అంకె ఒకచోట నిలిచింది, సరిగ్గా నేను ఓర్చుకోగల హద్దు అంచున. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి ఉరికింది.

"మెల్లగా దించండి! కుదపకపోతే హుక్కు నిలుస్తుంది, ఒక్క కుదుపుకి విరుగుతుంది. పైడయ్యగారూ, తప్పుకోండి!"

"నాను తప్పుకుంటే కుండ ఊగిపోద్దమ్మా," అన్నాడు పైడయ్య. చువ్వ వదలలేదు. "పైడితల్లమ్మా, పైడితల్లమ్మా" అంటూ అడుగులో అడుగు వేసుకుంటూ కుండతోపాటు వెనక్కి నడిచాడు. నేను బీటని పళ్ళబిగువున పట్టుకున్నాను. అది ఇంకో వెంట్రుక వాసి చీలింది. కుండ నేలని తాకింది.

పైడయ్య చువ్వని గోడకి ఆనించాడు.

"అమ్మవారే కాపాడింది," అన్నాడు రామలింగం చెమట తుడుచుకుంటూ.

"అమ్మోరు సూపింసింది బాబూ. సూపింసినాక మనం సూడకపోతే తప్పెవులిది?"

ఇప్పుడు నేను షెడ్డు వెనక తుక్కుగుట్టలో ఉన్నాను. నన్ను రెండుగా కోసి చూశారు. బీట లోపలంతా కుంకుమే. పైడయ్య శుక్రవారాల్లో కొత్త హుక్కుకి కుంకుమ పూసి, పూర్తిగా తుడిచి, వంపుని వెలుతురుకి తిప్పి గీత ఏదైనా మిగిలిందేమో చూసుకుని, ఆ తరువాతే బొట్టు పెడుతున్నాడు. అతని రిటైర్మెంటు ఈ ఏడాదే. నిన్న రామలింగం గొంతు వినబడింది:

"ఇంకా ఎంతసేపు తుడుస్తావురా? కొత్తదే కదా!"

నేనూ ఒకప్పుడు కొత్తదాన్నే.