ముడుల తాడు

అది డెబ్భై తొమ్మిదో సంవత్సరం. హన్మకొండ చౌరస్తాలో కిరాణా కొట్టు సాంబయ్య భార్య రాజేశ్వరికి పైగదిలో అద్దెకున్న రాంచందర్ సారు మీద మొదటినుంచీ అనుమానమే. బడిలో చరిత్ర చెప్పే మనిషికి పొద్దుగూకగానే డాబా మీద ఏం పని? ముడులేసిన తాడును పళ్ళతో కరిచిపట్టి, దాని కొసనున్న చెక్కముక్కను ఉత్తరాన ఉన్న చుక్కకు ఎదురుగా చాచి నిలబడేవాడు.

అడిగితే దాచలేదు.

"ఇబ్న్ మాజిద్ అని అరబ్బు ఓడలు నడిపినాయన ఉండె అక్కా, ఐదువందల ఏండ్ల కింద. గిట్లనే ధ్రువనక్షత్రం ఎత్తు చూసి రేవు పట్టేటోళ్ళు. ఒక్కో ముడి ఒక్కో ఊరు. ఈ ముడి మన హన్మకొండ."

"మంచోడేనా ఆయన?"

"సముద్రం మీద ఎన్నో పుస్తకాలు రాసిండు. లోకానికి యాదున్నది మాత్రం ఒక్కటే, పోర్చుగీసోళ్ళకు కాలికట్ తొవ్వ జూపిండని. ఆయన ఆ ఓడెక్కినట్టు రుజువే లేదక్కా."

"జనం ఊకెనే అంటరా?" అంది రాజేశ్వరి.

సముద్రమే లేని ఊరికి రేవేంటో, ముడేంటో! ఆమెకు ఒళ్ళు మండింది.

ఆ వారమే కోడలు పద్మ కొడుక్కి, పసి మనవడికి, జ్వరం తగిలింది. దవాఖాన సూదులకు తగ్గినట్టే తగ్గి మళ్ళీ కాగింది. చుట్టుపక్కల ఊళ్ళలో బాణామతి మాట గుప్పుమన్న రోజులవి. చేతబడి చేసేవాడు తాడుకు ముడేస్తే పసివాడి ప్రాణం బిగుసుకుంటుందట, విప్పితే వదులుతుందట. పిల్లవాడి పాదాలు పట్టుకు కూర్చున్న రాజేశ్వరికి డాబా మీది తాడు గుర్తొచ్చింది. సారు బడికి పోగానే వాడకట్టు ఆడవాళ్ళను వెంటేసుకొని పైగది తెరిచి, ఒక్కో ముడినీ పీకి విప్పేసింది.

సాయంత్రానికి జ్వరం దిగింది. పొద్దున డాక్టరు మందు మార్చిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

సారు వచ్చి ముడుల్లేని తాడును చూసుకున్నాడు, వాకిట్లో గుమిగూడిన జనాన్నీ చూశాడు. పెట్టె సర్దుకొని డోర్నకల్ రైలెక్కాడు. పీడ విరగడైందనుకుంది రాజేశ్వరి.

వారం తిరక్కముందే మడికొండ నుంచి వియ్యపురాలు కళావతి దిగింది. వస్తూనే కూతురు పద్మ బట్టలు మూటగట్టి, మనవణ్ణి చంకనేసుకుంది.

"బాణామతి జరిగిన ఇంట్ల నా బిడ్డను ఉంచ, వదినె. పిల్లగాన్ని మల్ల ఈ గడప తొక్కనియ్య."

రాజేశ్వరి మనవడి కాలు పట్టుకొని వదల్లేదు.

"బాణామతి లేదు, ఏం లేదు వదినె! ఆ సారు చుక్కలు చూస్కునేటోడు, గంతే. నీ మీద ఒట్టు!"

కళావతి ఆమె చేతిలోంచి పిల్లవాడి కాలు మెల్లగా విడిపించింది.

"ఏం లేకుంటే ముడులెందుకు విప్పినవ్? జనం ఊకెనే అంటరా?"