నోరు విప్పని మట్టగిడస

మన్మథరావు నర్సీపట్నంలోని ఒక జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా జువాలజీ చెబుతున్నాడు. సుద్దముక్క ఎత్తకుండా బోర్డు మీద చేప బొమ్మ గీసేయగలడు. ఇంట్లో అక్వేరియంలో మాత్రం ఒక్క చేపను కూడా నెలరోజులు బతికించలేకపోయాడు. గోల్డ్‌ఫిష్‌లు రెండు విడతలుగా పోయాయి. గప్పీలు కూడా పోయిన రోజున, ఇక ఆ తొట్టెలో ఉల్లిపాయలు పోసుకుంటానంది భార్య హైమ.

దాంతో అతనికి పౌరుషం వచ్చింది. కొరమీను పెంచాలని తీర్మానించుకున్నాడు. ఆ జాతి చేపలు నీళ్లపైకి వచ్చి గాలి పీల్చుకోగలవు.

"దాన్ని చంపాలన్నా నా వల్ల కాదు" అన్నాడు ధీమాగా.

"మీ వల్ల కానిది లేదు లెండి" అంది హైమ.

ఏ రకం కొనాలో తేల్చుకోవడానికి రెండు వారాలు ఫోన్లో వీడియోలు చూశాడు. ఆఖరికి బస్టాండు దగ్గరున్న కొండన్న చేపల షాపుకి వెళ్లాడు. కొండన్న ముందుగా ఎర్రచారల కొరమీను పిల్లను చూపించాడు.

"ముచ్చటగా ఉంటాది సార్, పట్టికెల్లండి."

"ఇది మూడడుగులు పెరుగుతుందయ్యా. అప్పుడు ఇంట్లో అదైనా ఉండాలి, మేమైనా ఉండాలి."

తర్వాత రంగురంగులది చూపించాడు. అది చలికొండల చేప, ఇక్కడి మే నెలకు ఉడికిపోతుందని మన్మథరావు తోసిపుచ్చాడు. మూడో తొట్టెలో జానెడు కూడా లేని జంట ఒకటి కనిపించింది. నీలి రెక్కలకు నారింజ అంచు. "థాయ్‌లాండ్ సరుకు సార్" అన్నాడు కొండన్న గొంతు తగ్గించి. మన్మథరావు మనసు అక్కడే ఆగిపోయింది.

ఇంటికి తెచ్చి తొట్టెలో వదిలాడు. చిక్కుడుకాయలు వలుస్తున్న తల్లి వర్ధనమ్మ కళ్లజోడు సవరించుకుని వచ్చి చూసింది. ఆవిడ పుట్టిల్లు నాతవరం దగ్గర పల్లె.

"ఒరే, మట్టగిడసల్ని కొనుక్కొచ్చావేటి? మా సేల కాలవల్లో తువ్వాలేసి పట్టీవోళ్లం కదరా!"

"అమ్మా, ఇవి థాయ్‌లాండువి."

"అయితే అక్కడా కాలవలున్నాయన్నమాట" అని ఆవిడ మళ్లీ చిక్కుడుకాయల దగ్గరికి వెళ్లిపోయింది.

నెల దాటింది. చేపలు చావలేదు. మన్మథరావు కాలేజీలో ఛాతీ విరుచుకుని తిరిగాడు. అంతలో మగచేప మేత మానేసింది. దవడలు ఉబ్బాయి. రొయ్య ముక్క వేసినా నోరు విప్పదు. ఒక మూల కదలకుండా నిలబడి ఉంటుంది. వారం గడిచేసరికి మన్మథరావు కూడా సరిగ్గా అన్నం తినడం మానేశాడు. గొంతులో గడ్డ అని ఒకసారి, ఫంగస్ అని ఒకసారి రోగం తేల్చాడు.

ఆదివారం పొద్దున్న వల, తడిగుడ్డ, కాలేజీ ల్యాబు నుంచి తెచ్చిన ఫోర్సెప్స్ బల్ల మీద సర్దుకున్నాడు.

"దానికేటి సేస్తావురా?" అంది వర్ధనమ్మ.

"నోరు తెరిచి చూస్తాను."

"రోగం కాదురా, బాబూ! నోట్లో పిల్లలున్నాయి. ఈటిల్లో తండ్రే మోస్తాడు."

"కొరమీను జాతి నీళ్లపైన గూడు కట్టి గుడ్లు పెడుతుందమ్మా. పాఠంలో అలాగే ఉంది."

"ఆ పాఠం ఇది సదూకుందేటి?"

మన్మథరావు వినిపించుకోలేదు. వల నీళ్లలో ముంచాడు. చేప బెదిరి ఒక్కసారిగా నోరు తెరిచింది. గుప్పుమని ఏదో నల్లగా బయటికి వచ్చింది.

"పురుగులు! హైమా, దీని కడుపంతా పురుగులే!"

హైమ పరుగెత్తుకొచ్చింది. ఆ పురుగులకు కళ్లున్నాయి, తోకలున్నాయి. ముప్పై నలభై చుక్కలు తండ్రి చుట్టూ వణుకుతూ ఈదుతున్నాయి. ఇంతలో ఆ చేప మళ్లీ నోరు తెరిచి, వాటిని ఒక్కొక్కటిగా లోపలికి లాక్కోసాగింది.

"అయ్యో, తినేస్తోంది!"

"తినడం కాదురా. నిన్ను సూసి దాసుకుంటంది. బేగి ఆ వల తీసీ!"

అతను వల తీసి, నేల మీద చతికిలబడ్డాడు. తడిసిన లుంగీ సంగతి కూడా గుర్తులేదు. వారం రోజులుగా ఆకలితో ఉన్న జీవి గొంతులో తను ఇనప పట్టకారు పెట్టబోయాడు.

"నీకెలా తెలుసమ్మా?" అన్నాడు.

"సిన్నప్పుడు ఒకదాన్ని పట్టుకుంటే నా సేతిలోనే పిల్లల్ని కక్కీసింది. మా నాన్న సూసి, దాన్ని మళ్లీ కాలవలో ఒదిలించాడు. పిల్లలన్నీ దానికి దొరికీదాకా నన్ను గట్టెక్కనివ్వలేదు."

మర్నాడు క్లాసులో మన్మథరావు జరిగినదంతా దాచకుండా చెప్పాడు. పురుగుల మాట దగ్గర పిల్లలు బెంచీలు కొట్టి నవ్వారు. అతనూ నవ్వాడు. సాయంత్రం వాళ్లలో పదకొండుమంది ఆ చేపల్ని చూడ్డానికి ఇంటికొచ్చారు. వర్ధనమ్మ తొట్టె పక్కన కుర్చీ వేయించుకుని, అద్దానికి వేలు తగలనివ్వకుండా ఒక్కొక్కరికీ చూపించింది. ప్రశ్నలన్నీ ఆవిడకే వేశారు. వెనక నిలబడ్డ మన్మథరావు ఒక అమ్మాయి దగ్గర పెన్ను అడిగి తీసుకుని, తల్లి చెప్పేది రాసుకోవడం మొదలుపెట్టాడు.