నా వాటా దోమతెర

దోమ నన్ను కుట్టదు. ఈ మాట నేను ఎంతమందితో అన్నానో లెక్కలేదు. కళింగపట్నం ఒడ్డున సాయంత్రం పూట వలలు బాగుచేసుకుంటూ అందరూ కాళ్ళ మీద చరుచుకుంటుంటే, నేను చొక్కా విప్పి దర్జాగా కూర్చునేవాణ్ణి. ఒంటి మీద ఒక్క దద్దురు ఉండేది కాదు. గోవింద్‌ది ఉప్పు రక్తం, దోమకి సయించదు అని మావాళ్ళు అంటే మీసం మీద చెయ్యి వేసుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా భార్య కుసుమకుమారి దానికి పూర్తిగా ఎదురు. విజయనగరం జిల్లా చింతపల్లి నుంచి కాపురానికి వచ్చిన వారానికే ఆమె చేతులు, మెడ, పాదాలు దద్దుర్లతో నిండిపోయాయి. పొయ్యి దగ్గర కూర్చున్నా, అరుగు మీద కూర్చున్నా దోమలు ఆమె చుట్టూనే ముసిరేవి. కోడలిది తీపి రక్తమని మా అమ్మ దాలమ్మ తేల్చేసింది. ఇక వీధిలో అదే వేళాకోళం. కుసుమ కనబడితే చాలు, పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవారు, ఆమె ఉంటే దోమలు తమ జోలికి రావని. నేనూ నవ్వేవాణ్ణి. గోక్కుంటూ ఆమె కూడా నవ్వేది.

మొదటి ఏడాది వానల్లో ఆమెకి మూడో నెల నడుస్తుండగా చలిజ్వరం వచ్చింది. మలేరియా అన్నారు. మాత్రలకి జ్వరం తగ్గింది గాని బిడ్డ నిలవలేదు. అమ్మ రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు కారణం వెతికింది. కారణం ఇంట్లోనే దొరికింది, తీపి రక్తం. ఆ రోజు నుంచి కుసుమకి బెల్లం బంద్. అరటిపండు, తాటిముంజె, ఆఖరికి పండగనాటి పరమాన్నం కూడా బంద్. వారానికి మూడుసార్లు కాకరకాయ, పొద్దున్నే పరగడుపున వేపాకు ముద్ద. మళ్ళీ నెల తప్పాక పథ్యం ఇంకా బిగిసింది. తీపంటే ప్రాణం పెట్టే మనిషి, కళ్ళు మూసుకుని ఆ ముద్ద మింగేది. తన రక్తమే తన బిడ్డని తినేసిందని నమ్మింది. నేను కాదనలేదు. నేనూ అదే నమ్మాను మరి.

ఈసారి ముందుజాగ్రత్తగా మా ఊరి నర్సు శైలజ మందు పట్టించిన దోమతెర ఒకటి తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ ఇందులోనే పడుకోవాలని మరీ మరీ చెప్పి వెళ్ళింది. నేను మడత విప్పి చూశాను. వలలు పట్టేవాడి కన్ను వేరు. ముడి లేని అల్లిక, సన్నటి కన్నులు, చేతిలో ఉన్నట్టే లేదు. అమ్మ ఇసుకలో ఆరబెట్టిన నెత్తళ్ళ చేపల్ని అప్పటికి వారం రోజులుగా కాకులు ఎత్తుకుపోతున్నాయి. పడవ ఒడ్డుకు రాగానే చేపలు వాటాలు వేసుకుంటాం కదా, నా బుర్ర అలాగే నడిచింది. తెర ఇద్దరికిచ్చారు. కుసుమ వాటా కుసుమది. నన్ను దోమ కుట్టదు కాబట్టి నా వాటా మిగులు.

కత్తితో నిలువునా రెండు ముక్కలు చేశాను. ఒకటి కుసుమ మంచానికి కట్టి, చాలని చోట పాత చీర అతికించాను. రెండోది నెత్తళ్ళ మీద పరిచి చుట్టూ రాళ్ళు పెట్టాను. అమ్మ నా తెలివికి మురిసిపోయి ఇరుగుపొరుగుని పిలిచి మరీ చూపించింది. నేను ఆ మంచం పక్కనే చాప వేసుకుని, చొక్కా లేకుండా హాయిగా పడుకునేవాణ్ణి.

అయిదో నెలలో కుసుమకి మళ్ళీ జ్వరం వచ్చింది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడాయి. ఆటోలో వేసుకుని శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకుపోయాం. మళ్ళీ అదే మలేరియా. తల్లికి భయం లేదు, బిడ్డ సంగతి రెండు రోజులు గడిస్తే గాని చెప్పలేమన్నాడు డాక్టరు. అమ్మని ఆమె దగ్గర ఉంచి, బట్టలు తీసుకెళ్దామని మర్నాడు ఊరికి వచ్చాను.

పొద్దు వాలుతుండగా ఇంటికి చేరేసరికి శైలజ మా అరుగు మీద కూర్చుని ఉంది. కుసుమ సంగతి తెలిసి పొద్దుటి నుంచి మా వీధిలో అందరికీ రక్తపరీక్ష చేస్తోందట. ఇరవై ఇళ్ళయ్యాయి, ఒక్కరికీ లేదంది. ఇక మిగిలింది నేనేనంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ నా బిడ్డ ఉంటాడో పోతాడో తెలియకుండా ఉంటే, ఇక్కడ నా వేలు పొడుస్తానంటుంది.

"నన్ను దోమ కుట్టదమ్మా. ఊరంతా తెలుసు," అన్నాను చొక్కా విప్పి దండెం మీద వేస్తూ.

ఆమె నా వైపు చూసి, కదలకు అంది. నా వెనక్కి వచ్చి తన రిజిస్టరుతో నా భుజం మీద ఒక్కటి కొట్టింది. ఆ అట్ట తిప్పి నా కళ్ళ ముందు పెట్టింది. చితికిన దోమ, దాని చుట్టూ కందిగింజంత రక్తం.

"ఇది ఎవరి రక్తం బాబూ?" అంది.

నా భుజం తడుముకున్నాను. దురద లేదు, మంట లేదు, దద్దురు లేదు.

ఆమె చెప్పింది. చిన్నప్పటి నుంచి కుట్టించుకుని కుట్టించుకుని కొందరి చర్మం అలవాటు పడిపోతుందట. దోమ వాలినా తెలియదు, తాగి వెళ్ళినా తెలియదు. కుట్టకపోవడం వేరు, తెలియకపోవడం వేరు అంది. కుసుమది తీపి రక్తం కాదట. దోమలు మనిషి ఊపిరిని బట్టీ, ఒంటి వేడిని బట్టీ, చెమట వాసనని బట్టీ వెతుక్కుంటూ వస్తాయట. కడుపుతో ఉన్నవాళ్ళకి ఊపిరీ ఎక్కువే, వేడీ ఎక్కువే, అందుకే వాళ్ళ మీద ఇంకా ముసురుతాయట.

వింటూనే వేలు చాపాను. చిన్న ప్లాస్టిక్ బిళ్ళలో ఒక చుక్క రక్తం వేసి, పైన ఏదో మందు చుక్కలు వేసింది. ఒక్క గీత వస్తే ఏమీ లేనట్టు, రెండోది కూడా వస్తే ఉన్నట్టు అంది. నేను దాని వంక చూస్తూ కూర్చున్నాను. ఒక గీత వచ్చింది. కాసేపటికి దాని పక్కన ఇంకొకటి, ముందు సన్నగా, తరువాత స్పష్టంగా తేలింది.

నాలుగు నెలల కిందట ఇలాగే, ఇదే అరుగు మీద, కుసుమ చేతిలోని గర్భ పరీక్ష బిళ్ళ మీద రెండు గీతలు చూసి వీధంతా చెప్పుకొచ్చినవాణ్ణి నేను. ఇప్పుడు ఆ బిళ్ళని అరచేత్తో మూసేశాను.

ఎప్పుడైనా చలిజ్వరం వచ్చిందా అని అడిగింది. వచ్చింది. పెళ్ళికి ముందు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనికి వెళ్ళినప్పుడు వచ్చింది. పద్నాలుగు రోజులకని మాత్రలు ఇచ్చారు. మూడో రోజుకి జ్వరం తగ్గింది, మిగతావి సముద్రంలో పారేశాను. ఆ సంగతి కూడా గొప్పగానే చెప్పుకునేవాణ్ణి.

ఆ మలేరియా పురుగు కాలేయంలో దాక్కుంటుందట. అప్పుడప్పుడు లేచి రక్తంలోకి వస్తుందట. జ్వరం లేకపోయినా ఒంట్లో తిరుగుతూనే ఉంటుందట. నన్ను కుట్టిన దోమలో అది పెరుగుతుంది, పది పన్నెండు రోజులు పోయాక అదే దోమ పక్కనున్న మనిషిని కుడుతుంది.

"నూటికి తొంభై పాళ్ళు నీ నుంచే వచ్చుంటాది బాబూ. మరి తెరలో పడుకోమన్నాను కదా నిన్ను?" అంది.

నేను ఇసుక వైపు చూశాను. నెత్తళ్ళ మీద నా వాటా గాలికి రెపరెపలాడుతోంది. ఆమె కూడా చూసింది. మందు పూసిన తెర తిండి మీద వేస్తారా అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేసింది. పద్నాలుగు మాత్రలు లెక్కపెట్టి చేతిలో పోసింది.

తెల్లవారగానే మొదటి బస్సుకి ఆసుపత్రికి వెళ్ళాను. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందని అప్పుడే డాక్టరు చెప్పి వెళ్ళాడట. అమ్మ కళ్ళు ఒత్తుకుంటోంది. కుసుమ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. నేను నిలబడే అంతా చెప్పేశాను, తెర సంగతీ, మాత్రల సంగతీ, రెండు గీతల సంగతీ. దాచితే ఇంకెప్పటికీ చెప్పలేనని తెలుసు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కుసుమ చాలాసేపు తన చేతుల మీది దద్దుర్లు చూసుకుంది.

"అయితే నా రగతంలో ఏటీ నేదన్నమాట," అంది.

లేదన్నాను. ఆమె అమ్మ వైపు తిరిగి బెల్లం ముక్క కావాలంది. అమ్మ పరుగున పోయి, బయట కొట్టులో కాగితంలో కట్టించి తెచ్చింది. కుసుమ చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకుంది. ఏడాది తరువాత తింటోంది. కళ్ళు మూసుకుంది. నాకు కొంచెం ఊపిరి ఆడినట్టయింది.

అంతలోనే కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"మావా, మరి పోయినేడు పోయిన బిడ్డ?"

మిగతా బెల్లం ఆమె తినలేదు.