చేతుల్లేని పిలుపు

మా పిల్లల కేంద్రంలో వసపిట్ట అంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు. నడక నేర్చిన పిల్లల గది ఆమెది, పాకే పిల్లల గది నాది, మధ్యలో నడుమెత్తు చెక్క తలుపు. ఆ తలుపు మీదుగా ఆమె మాటలు పొద్దస్తమానం నా గదిలోకి వచ్చి పడుతూనే ఉంటాయి. నోట్లో నువ్వుగింజ నానదు. అలాగని ఒట్టి మాటల మనిషి అనుకుంటే పొరపాటు. ముక్కు కారేలోపే రుమాలు, దాహం వేసేలోపే నీళ్ళు. ఆమె గదిలో ఏ పిల్లా ఏడ్చి సాధించుకోవాల్సిన అవసరం రాదు. పైకి ఎప్పుడూ అనలేదు గానీ, నాకు ఆమె అంటే కాస్త అసూయ, బోలెడంత గౌరవం.

ఆ గదిలో ఏడాది దాటిన పిల్ల ఒకతె ఉండేది. మేమంతా మహారాణి అనేవాళ్ళం. నోరు విప్పదు, కనుబొమ్మ ఎగరేస్తే చాలు పనులు జరిగిపోతాయి. వాళ్ళమ్మ మందుల షాపులో పనిచేస్తుంది. తోటి పిల్లలు అత్తా తాతా అంటుంటే తన కూతురు ఒక్క ముక్కా అనడం లేదని ఆమెకి బెంగ. "మావాడూ అంతే, ఆలస్యంగానే మాట్లాడాడు. ఇప్పుడు ఆపమంటే ఆపుతున్నాడా?" అని వాళ్ళత్తగారు కొట్టిపారేసేది. పిల్లల డాక్టరు మాత్రం, పిలిస్తే తిరుగుతుందో లేదో కేంద్రంలో కనుక్కోమన్నాడు. తిరగకపోతే చెవుల పరీక్ష చేయిద్దాం అన్నాడట.

"తిరగడమేంటమ్మా, పరిగెత్తుకొస్తుంది!" అంది వసపిట్ట.

ఆ తల్లి మొహం వెలిగిపోయింది. ఇక మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళక్కర్లేదని ధీమాగా వెళ్ళిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మాకు శిక్షణ మొదలైంది. పసిపిల్లల ఎదుగుదలని ఎలా గమనించాలో నేర్పడానికి ఒకావిడ వారం వారం వచ్చేది. మొదట నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళుగా పిల్లల మధ్య పడి ఉన్నవాళ్ళకి పిల్లల్ని చూడటం నేర్పుతారట! ఆవిడేమో కుర్చీ వద్దని నేలమీద మా పక్కనే చతికిలబడేది. నా గదిలో ఒకడి గురించి "వీడు ఒట్టి మొండిఘటం మేడమ్" అన్నాను.

"మొండితనం ఎక్కడ కనిపించింది? వాడేం చేశాడో చెప్పండి."

"బంతి ఇమ్మంటే ఇవ్వడు."

"ఇవ్వకపోవడం చూశారు. మొండి అని అనుకున్నారు. ఇప్పుడు వాడి వేళ్ళు చూడండి."

చూశాను. వాడు బంతిని నా చేతిలో పెట్టి కూడా వదల్లేకపోతున్నాడు. పట్టుకోవడం వచ్చింది గానీ, విడవడం ఇంకా చేతకాలేదు పాపం. ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకోవడానికి వాడు పడుతున్న అవస్థ చూసి, ఇన్నాళ్ళూ వాణ్ణి కసురుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడకి నేను దాసోహం. ఏం చెప్పినా "చూశారా, అనుకున్నారా?" అని అడిగేది కాబట్టి మాలో మేము ఆవిణ్ణి 'చూశారా మేడమ్' అనుకునేవాళ్ళం.

తర్వాతి వారం వసపిట్ట వంతు. మహారాణి గురించి చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చివర్లో "పిలిస్తే వస్తుంది" అంది.

"ఎలా పిలుస్తారు? ఒకసారి పిలవండి."

వసపిట్టకి అంతకంటే కావాల్సిందేముంది? చెక్కనేల అదిరేలా కాలు తాటించి, చప్పట్లు చరిచి, రెండు చేతులూ బార్లా చాపి, మొహమంతా నవ్వు చేసుకుని "రావే నా తల్లీ!" అంది. అవతల మూల నుంచి మహారాణి తూలుకుంటూ వచ్చి ఒళ్ళో పడింది. మేమంతా చప్పట్లు కొట్టాం. మేడమ్ కూడా మనసారా నవ్వింది.

"మీ పిలుపు చూస్తే నాకే వచ్చి ఒళ్ళో కూర్చోవాలనిపించింది. అయితే ఈ పిల్ల కాలి అదురుకి వచ్చిందా, చేతుల్ని చూసి వచ్చిందా, గొంతు విని వచ్చిందా?"

వసపిట్ట తెల్లబోయింది. నేనామెని మాట లేకుండా చూడటం అదే మొదలు.

మళ్ళీ పిలిపించింది మేడమ్. ఈసారి పిల్ల వెనక, నేల అదరకుండా పరుపు మీద, కదలకుండా. చేతులు ఊరుకోవని వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చోమంది. పాపం, వసపిట్ట చేతులు కట్టేస్తే నోరు కూడా సగం పడిపోయింది. "రావే తల్లీ" అంది. పిల్ల చెక్కముక్కలు పేర్చుకుంటూనే ఉంది. ఇంకాస్త గట్టిగా పిలిచింది. ఊహూఁ.

"ఆటలో పడిపోయింది మేడమ్."

"కావచ్చు. ఒక్కసారి చూసి ముద్ర వేసేయకూడదు. వేర్వేరు వేళల్లో పిలిచి చూడండి. ఏం చూశారో నాకు చెప్పండి చాలు."

ఆ వారమంతా వసపిట్టకి అదే పని. పాలు తాగాక ఒకసారి, నిద్ర లేచాక ఒకసారి, చేతులు తొడల కింద దోపుకుని పిలిచేది. పిల్ల ఒకసారి తిరిగేది, మూడుసార్లు తిరిగేది కాదు. తిరిగినప్పుడల్లా కొండెక్కినంత సంబరం, తిరగనప్పుడల్లా ఏదో ఒక సాకు.

ఒక మధ్యాహ్నం వంటగదిలో పళ్ళెం కింద పడింది. ఆ మోతకి పిల్లలంతా ఉలిక్కిపడి అటు తిరిగారు. మహారాణి కూడా తిరిగింది. నా ప్రాణం లేచొచ్చింది.

"చూశావా, తిరిగింది! ఇంక ఆ బెంగ వదిలెయ్" అన్నాను తలుపు మీదుగా.

వసపిట్ట తల అడ్డంగా ఊపింది.

"లేదక్కా. ముందు పక్కపిల్ల మొహం చూసింది. ఆ పిల్ల ఎటు చూస్తోందో చూసి, అప్పుడు అటు తిరిగింది."

రెప్పపాటులో జరిగిపోయిన దాన్ని, అందులోనూ తనకి ఏమాత్రం ఇష్టం లేని దాన్ని, ఎంత ఖచ్చితంగా పట్టుకుంది! చూడనట్టు సర్దుకోవడం ఎంత తేలిక! నేనైతే సర్దేసుకునేదాన్ని. సర్దేసుకున్నాను కూడా.

"వాళ్ళమ్మకి మేడమ్ చేత చెప్పిద్దాం. నువ్వెందుకు మాట పడటం?" అన్నాను.

"బాగుందని చెప్పింది నేను. ఇదీ నేనే చెప్పాలి."

సాయంత్రం ఆ తల్లి వచ్చింది. వసపిట్ట డొంకతిరుగుడు లేకుండా చూసిందంతా చెప్పింది. ఆ తల్లి మొహం పాలిపోయింది, తర్వాత ఎర్రబడింది.

"పరిగెత్తుకొస్తుందని మీరే కదా అన్నారు? మీ మాట నమ్మి డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేశాను!"

"అన్నానమ్మా. తప్పు చెప్పాను. నా చేతుల్ని చూసి వస్తుంటే నా మాట విని వస్తోందనుకున్నాను. దీనికి చెవుడని నేను చెప్పట్లేదు, అది డాక్టరు తేల్చాలి. రేపే తీసుకెళ్ళండి. నన్ను ఎంత తిట్టినా పడతాను, పరీక్ష మాత్రం ఆపకండి."

ఆ తల్లి పిల్లని లాక్కున్నట్టే ఎత్తుకుని వెళ్ళిపోయింది. వసపిట్ట బొమ్మలన్నీ సర్దింది, సర్దినవే మళ్ళీ సర్దింది.

పరీక్షలో తేలింది. రెండు చెవులా వినికిడి బాగా తక్కువ. పూర్తిగా లేకపోలేదు, చెవి మిషన్లు పెడితే మాట అందుతుందన్నారు. ఇప్పుడే తెలియడం అదృష్టమని, ఆలస్యమైన కొద్దీ మాట వెనకబడేదని డాక్టరు అన్నాడట.

కొన్నాళ్ళు మహారాణి రాలేదు. వేరే చోట చేర్పిస్తారని అనుకున్నాం. ఒక ఉదయం వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది, చెవుల వెనక గింజల్లాంటి చిన్న మిషన్లతో. తల్లి మాతో పెద్దగా మాట్లాడలేదు. పిల్ల చేతిని తెచ్చి వసపిట్ట చేతిలో పెట్టి, గుమ్మం దగ్గరే నిలబడింది.

ఆ రోజు మేడమ్ కూడా ఉంది. పిల్ల చెక్కముక్కల ముందు మాకు వీపు పెట్టి కూర్చుంది. వసపిట్ట వెనకాల పరుపు మీద కూర్చుని, చేతులు తొడల కింద పెట్టుకుంది. గొంతు సవరించుకుంది.

"రావే తల్లీ," అంది మామూలు గొంతుతో.

మహారాణి చేతిలో చెక్కముక్క ఆగింది. ఎవరి మొహమూ చూడలేదు. నేరుగా వెనక్కి తిరిగింది.

వసపిట్టకి కళ్ళ నీళ్ళు ధారలు కట్టాయి. తుడుచుకోవడానికి చేతులు తియ్యాలన్న సంగతే మర్చిపోయి అలాగే కూర్చుంది. పిల్ల లేచి తూలుకుంటూ వచ్చి, పిలిచి కూడా చాపని ఆ చేతుల కోసం తొడ కింద వెతికి, ఒకటి బయటికి లాగి, తన నడుం చుట్టూ వేసుకుంది.