కాల్షియం సీసా

నర్సు కాగితం చేతికిచ్చి "కనపడలేదు" అనగానే క్రీమక్కకి ముచ్చెమటలు పోశాయి.

"ఏం కనపడలేదండీ? నా రిపోర్టా?"

"రిపోర్టు నీ చేతిలోనే ఉంది కదా. వైరస్ కనపడలేదు. వరసగా ఇది రెండోసారి." నర్సు కళ్ళజోడు పైకి తోసుకుంది. "పోయిందని కాదు. మందు మానేస్తే మళ్ళీ తలెత్తుతుంది. మానకుండా వేసుకుంటే నీకు ఢోకా లేదు, కట్టుకునేవాడికి నీ నుంచి అంటదు. పిల్లలు కావాలన్నా డాక్టరుగారితో మాట్లాడుకోవచ్చు. నవ్వుతావో ఏడుస్తావో ఏదో ఒకటి తొందరగా కానియ్యి, వెనక లైను ఆగింది."

క్రీమక్క రెండూ చేసింది.

బేకరీలో కేకుల మీద పువ్వులూ తీగలూ వేసే పని ఆమెది, అందుకే అందరికీ క్రీమక్క. ఊళ్ళో వాళ్ళ పుట్టినరోజులన్నీ ఆమె చేతి మీదుగానే జరుగుతాయి. హెచ్.ఐ.వి. అని తెలిసిన కొత్తలో మాత్రం, తన పుట్టినరోజు ఇంకోటి చూస్తానని ఆమె అనుకోలేదు. ఎలాగూ పోయేదాన్నే కదా అని మంచి బట్టలన్నీ మడతపెట్టి ఆడబిడ్డకి ఇచ్చేసింది. ఆవిడ అవి కట్టుకుని కళ్ళెదుట తిరుగుతుంటే, తిరిగి అడగలేక క్రీమక్కకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బయట బెంచీ మీద లిఫ్టు మెకానిక్ కూర్చుని ఉన్నాడు. అతనూ ఈ క్యూలో మనిషే. "ఎంతమందినో పైకి పంపించాను, నేను మాత్రం పోయే రకం కాదు" అని దిగులుగా నిలబడ్డవాళ్ళని నవ్విస్తుంటాడు. పోయినసారి ఇదే బెంచీ మీద, గొంతు తగ్గించి, పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు. రిపోర్టు వచ్చాక చెబుతానంది ఆమె. రిపోర్టు ఎలా వచ్చినా తన మాట మారదన్నాడు అతను.

ఆమె మొహం చూడగానే లేచి నిలబడ్డాడు. "సాయంత్రం రమ్మంటారా? మీ అత్తగారితో మాట్లాడతాను."

"టీ వేళకి రండి."

"ఆవిడకి ఏం చెప్పారు?"

"ఏమీ చెప్పలేదు."

"నా గురించా, జబ్బు గురించా?"

"రెండూ."

"బాగుంది. ఒక్క కప్పు టీతో రెండూ మింగించాలన్నమాట."

నవ్వింది కానీ, బస్సెక్కేదాకా ఆ మాటే చెవిలో గింగురుమంది. భర్త పోయాక పుట్టింటివాళ్ళు మొహం చాటేశారు. రెండు గదుల ఇంట్లో ఆమె, అత్త మిగిలారు. పని నుంచి వచ్చేసరికి తలుపు తీసి ఎదురుచూసే మనిషి ఈ లోకంలో అత్త ఒక్కతే. ఆ అత్తకి తన కొడుకు ఊపిరితిత్తులు చెడి పోయాడని మాత్రమే తెలుసు. "మంచి డాక్టరుకి చూపించి ఉంటే నా బిడ్డ దక్కేవాడు" అని ఏ పండు కోస్తున్నప్పుడో, ఏ బట్టలు ఆరేస్తున్నప్పుడో అంటుంది. క్రీమక్క ఉమ్మి మింగినట్టు ఆ మాట మింగేస్తుంది. చనిపోయేముందు భర్త ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు, అమ్మకి చెప్పొద్దని. ఇప్పుడు చెబితే, కొడుకు మీద నింద వేసిందని అత్త బయటికి నెట్టినా నెట్టచ్చు. పెళ్ళి కావాలి, అత్తా కావాలి. అత్తని పోగొట్టుకుని చేసుకునే పెళ్ళి ఆమెకి సగం పెళ్ళే.

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది, అత్త బజారుకి వెళ్ళినట్టుంది. అదే మంచిదనుకుంది క్రీమక్క. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు చేసుకునే పని ఒకటుంది. ఆ క్యూలో అందరికీ వచ్చిన విద్యే అది. ఆస్పత్రి సీసాని ఇంటికి తేకూడదు. దారిలోనే లేబులు గీకేసి, మాత్రలు కాగితంలో పోసుకుని, సీసా ఎక్కడో పారేయాలి. ఇంట్లో ఇంకే మందు సీసాలోనో పోసుకోవాలి. గలగలమనకుండా పైన దూది కుక్కాలి. ఒకావిడ కాఫీపొడి డబ్బాలో దాస్తుంది, ఇంకొకాయన పాత బూటులో. క్రీమక్క కాల్షియం సీసాని ఎంచుకుంది. ఆడమనిషి కాల్షియం వేసుకుంటే ఎవరూ ఆరా తీయరని.

మూత తీసింది. దూది లాగింది. కింద ఏమీ లేదు.

నిన్న రాత్రి వేసుకున్నప్పుడు ఇంకో వారానికి సరిపడా ఉన్నాయి. రెండు నెలలుగా సీసా ముందే అడుగంటుతుంటే తనే లెక్క తప్పుతున్నాననుకుంది. సీసా తలకిందులు చేసి అరచేతిలో కొట్టుకుంది. పొడి కూడా రాలలేదు.

అప్పుడే అత్త కూరగాయల సంచీతో లోపలికొచ్చింది. మెట్లెక్కి వచ్చిన మనిషికి ఆయాసం లేదు.

"చూశావా, మధ్యలో ఎక్కడా ఆగలేదు" అంది. "అదేంటే, ఆ సీసా అలా ఊపుతున్నావు? అయిపోయాయి, కొత్తది తెచ్చుకో. భలే మాత్రలే. రెండు నెలల నుంచి వేసుకుంటున్నా, మోకాళ్ళు నూనె పోసినట్టు ఆడుతున్నాయి."

క్రీమక్క సీసా దించింది. "మీరు వేసుకుంటున్నారా?"

"రోజూ కాదులే, పీకినప్పుడు. కాల్షియమే కదా, అడగాలా? నీకేనా ఎముకలున్నది?"

"మిగిలినవేవి అత్తయ్యా?"

"కింద టీచరమ్మకి ఇచ్చా, పొద్దున్నే. ఆవిడ కూడా కుంటుతోంది పాపం. అయితే మహా అనుమానం మనిషి. సాయంత్రం అల్లుడొస్తాడు, చూపించి వేసుకుంటానంది. ఆ మందుల షాపు అల్లుడు."

టీచరమ్మకి తెలిస్తే వీధికి మైకు పెట్టినట్టే. "వెంటనే వెళ్ళి తెచ్చేయండి."

"ఇచ్చినవి వెనక్కి అడుగుతారా ఎవరైనా? సిగ్గులేకపోతే సరి. ఆ ముష్టి మాత్రలకోసం..."

"అవి కాల్షియం కాదు అత్తయ్యా."

బస్సులో ఎన్ని రకాలుగా అల్లుకుందో మాటలు. టీ పోసి, పక్కన కూర్చుని, మెల్లగా మొదలుపెట్టాలనుకుంది. తీరా ఇప్పుడు సంచీలోంచి ఒక టమాటా దొర్లి బల్ల కిందికి పోతుంటే, దాన్ని చూస్తూ చెప్పేసింది. అవి హెచ్.ఐ.వి. మందులని. తనవని. ఆయన నుంచి వచ్చిందని. ఆయన పోయింది కూడా దానివల్లేనని.

అత్త టమాటా కోసం వంగి, వంగినట్టే ఉండిపోయింది.

"నాకు అంటుకుంటుందా?" అంది చివరికి.

"మందు మింగితే ఎందుకు అంటుకుంటుంది? నా మంచం పక్కనే మీ మంచం వేసుకుని ఇన్నేళ్ళు పడుకున్నాం, అంటుకుందా?"

"వాడికీ ఇచ్చారా ఈ మందు?"

"ఇచ్చారు."

"మరి?"

"చచ్చేవాడికి మందెందుకన్నాడు. నేను చేతిలో పెడితే నాలుక కింద దాచి కిటికీలోంచి ఊసేవాడు. కాళ్ళు పట్టుకున్నా అత్తయ్యా. మంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదని మీరంటారే, ముగ్గురి దగ్గరికి తీసుకెళ్ళాను."

అత్త లేచింది. టమాటా బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?"

మెట్ల మీద చెప్పుల చప్పుడు.

క్రీమక్క ఫోను తీసి నర్సుకి కొట్టింది. నర్సు అంతా విని, నిట్టూర్చింది. "భయపడకు, ఈపాటికి ఏమీ అయ్యుండదు. ఇంక ఒక్కటి కూడా వేసుకోకూడదు. రేపు తీసుకురా, రక్తపరీక్ష చేసి కిడ్నీలు చూద్దాం. ఆ కిందావిణ్ణి అసలు ముట్టుకోనివ్వకు, ఆవిడ ఏ మందులు వాడుతోందో మనకేం తెలుసు." ఫోను పెట్టేలోగానే క్రీమక్క మెట్లు దిగుతోంది. అత్త ఎందుకు వెళ్ళినట్టు? మాత్రలకోసమా, కడుపులో మంట టీచరమ్మ ముందు కక్కడానికా? కోపమొస్తే అత్తకి ఇల్లూ వీధీ తేడా ఉండదు.

టీచరమ్మ తలుపు బార్లా తీసి ఉంది. సోఫాలో అల్లుడు, ఒక చేతిలో మాత్ర, ఇంకో చేతిలో ఫోను. బల్ల మీద కాగితం పొట్లం విప్పి ఉంది.

"ఇది కాల్షియంలా లేదత్తయ్యా" అంటున్నాడు అతను టీచరమ్మతో. "దీని మీద ఏవో అక్షరాలున్నాయి. ఫోన్లో కొడితే ఏ మందో చెప్పేస్తుంది. ఉండండి."

"చెప్పానా, మా అల్లుడు చూడకుండా నేను ఏదీ నోట్లో వేసుకోను" అంది టీచరమ్మ గర్వంగా.

గడప దగ్గర క్రీమక్క ఆగింది. అత్త ఆమెకి వీపు పెట్టి గది మధ్యలో నిలబడి ఉంది. ఒక్క క్షణం ఆ వీపు ఎటు తిరుగుతుందో తెలియలేదు.

"ఏదీ, ఇలా ఇవ్వు నాయనా, నేను చూస్తా" అంది అత్త. అల్లుడు మర్యాదగా ఇచ్చాడు. అత్త దాన్ని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పింది. అదేమిటో ఆమెకి ఇప్పుడు తెలుసు. తెలిసే నోట్లో వేసుకుంది. టీచరమ్మ ముందున్న టీ గ్లాసు తీసుకుని, ఆవిడ ఎంగిలే, గటగటా తాగేసింది.

"మెట్లు దిగేసరికి మోకాలు పట్టేసింది" అంది మూతి తుడుచుకుంటూ. పొట్లం మూసి గుప్పిట్లో పెట్టుకుంది. "ఇవి నాకే చాలవు టీచరమ్మగారూ. మీకిచ్చానని మా కోడలు చంపుతోంది. ఒట్టి పిసినారిది."

"ఇచ్చినవి మళ్ళీ అడుక్కుంటారా?" టీచరమ్మ మొహం మాడింది.

"అడుక్కోవడం లేదు, లాక్కుంటున్నాను. అల్లుడు మందుల షాపులో ఉండి మీకు ఇరుగుపొరుగు మాత్రలేం ఖర్మ. ఏం నాయనా, అత్తగారికి ఒక సీసా తేలేవా?"

అల్లుడు ఫోను జేబులో పెట్టేసుకుని, తేకేం, రేపే తెస్తానన్నాడు.

మెట్ల మలుపు దాటాక క్రీమక్క అడిగింది. "ఎందుకు మింగారత్తయ్యా? నర్సు ఇంకొక్కటి కూడా వద్దంది."

"మింగకపోతే ఈ వీధి నిన్ను మింగేసేది." అత్త నాలుగు మెట్లు ఎక్కి, అక్కడే కూలబడింది. గుప్పిట విప్పి చూసుకుంది. "ఇంతే ఉంది. గొంతులో అడ్డం కూడా పడలేదే. ఇది మింగలేకపోయాడా వాడు?"

క్రీమక్క పక్క మెట్టు మీద కూర్చుంది. మెట్లు ఇరుకు, ఇద్దరి భుజాలూ ఒరుసుకున్నాయి. అత్త ఏడుపు మొదట దగ్గులా వచ్చింది. అన్నేళ్ళూ కోడలి మీద విసిరిన మాటకి క్షమించమని ఏమీ అనలేదు. పొట్లం తీసి కోడలి చేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసింది.

"మీతో ఇంకోటి చెప్పాలి" అంది క్రీమక్క. "ఇప్పుడు కాకపోయినా..."

"చెప్పు. ఇవాళ ఏదైనా పట్టేలా ఉంది నాకు."

"నన్ను పెళ్ళి చేసుకుంటానని ఒకాయన అడిగాడు. ఆయనకీ ఇదే. ఆయన కూడా మందు వేసుకుంటాడు. ఇవాళ నా రిపోర్టు బాగా వచ్చింది అత్తయ్యా, ఎంత బాగా అంటే..." అని మొదలుపెట్టి, నర్సు చెప్పిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. పిల్లల సంగతి దాకా వచ్చి సిగ్గుపడి ఆగింది.

అత్త ఏదో అనబోయేలోగా కింద నుంచి ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు. ఉతికిన చొక్కా, నీళ్ళు పెట్టి దువ్విన తల, చేతిలో రొట్టెల పొట్లం. మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు ఏడ్చిన మొహాలతో కూర్చుని ఉండటం చూసి లిఫ్టు మెకానిక్ ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టి ఆగిపోయాడు.

"నేను రేపు రానా?" అన్నాడు.

"ఇతనేనా?" అంది అత్త.

క్రీమక్క తలూపింది. అత్త అతన్ని అరికాలి నుంచి నడినెత్తి దాకా చూసింది. గట్టి మెడ, చొక్కా గుండీల దగ్గర కాస్త బిగిసిన పొట్ట, చెమట.

"నీకు తెలిసి ఎన్నాళ్ళయింది?"

అతను క్రీమక్క వంక చూశాడు. అన్నీ చెప్పేసినట్టుందని అర్థమైంది. "పదేళ్ళ పైనే అయిందమ్మా."

"పదేళ్ళు" అంది అత్త. ఇంకోసారి చూసింది, ఈసారి మెల్లగా, ఆ మనిషిలో ఇంకెవర్నో కొలుస్తున్నట్టు. "ఎప్పుడైనా మానేయాలనిపించిందా?"

"మొదట్లో అనిపించిందమ్మా. ఒక నెల మానేశాను కూడా. తర్వాత ఆకలేసింది. ఆకలేస్తోందంటే ఇంకా బతకాలనే ఉందేమో అనిపించి, మళ్ళీ మొదలుపెట్టాను."

అత్త చెయ్యి చాపింది. అతను అందించబోతే అతన్ని కాదని కోడలి భుజం పట్టుకుని లేచింది. పైకి నడుస్తూ, వెనక్కి తిరగకుండా అంది.

"అలా మెట్ల మీద నిలబడతావేం, లోపలికి రా. ఆకలేసే మనిషివంటున్నావుగా, తిందువు గాని. ఏమే, టీ పెట్టు, పాలు సరిపోకపోతే మూలనున్న కొట్లో తీసుకురా." గడప దగ్గర ఆగి, ఏదో లెక్క వేసుకుంది. "పెళ్ళి మాత్రం ఆదివారం పెట్టుకోకండి. ఆదివారం మన వీధికి నీళ్ళు రావు. అంతమంది తిన్న గిన్నెలు నేను ఎక్కడ కడిగేది?"