చెవి వెనక పాయ

"ఇవి తువ్వాళ్ళా, పసుపు నీళ్ళలో ముంచి తీసిన గుడ్డలా?" అంటూ కిటికీ అక్క మూటలోంచి ఒకటి లాగి లాండ్రీ బాబాయి ముక్కు ముందు ఆడించింది.

బాబాయి బిక్కమొహం వేశాడు. "నీలిమందు రెండింతలు వేశానమ్మా. ఇంతకన్నా తెలుపు కావాలంటే ఇక సున్నం కొట్టించుకోవాల్సిందే."

"రంగు చూడటం నాకు నేర్పిస్తావా నువ్వు? వెళ్ళు వెళ్ళు. వచ్చేసారన్నా సరిగ్గా ఉతికి తే."

బాబాయి గొణుక్కుంటూ మెట్లు దిగాడు. ఈ గొడవ ఇవాళ్టిది కాదు. రెండేళ్ళుగా మూడు రోజులకొకసారి జరుగుతూనే ఉంది. పాపం, అతను సబ్బు మార్చాడు, నీళ్ళు మార్చాడు, ఆఖరికి ఉతికే మనిషిని కూడా మార్చాడు.

రంగు విషయంలో ఆవిడకు ఎదురు చెప్పగలవాళ్ళు ఆ సెలూన్లో లేరు. ముప్పై తొమ్మిదేళ్ళుగా జుట్టుకు రంగులు వేస్తోంది. వీధివైపు పెద్ద కిటికీ పక్కనున్న కుర్చీ ఆవిడది. ఆ కిటికీ వెలుగులో తప్ప ఎవరికీ రంగు ఎంచదు గనక కిటికీ అక్క అన్న పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడ కూడా వెనక్కి తిరిగి చూడదు. అరవై ఒకటో ఏడు. పొట్టి మనిషి, నిటారుగా నిలబడుతుంది. గోళ్ళ అంచుల్లో ఎప్పటిదో గోధుమరంగు గీత, ఎన్నిసార్లు రుద్దినా పోదు. మనిషి మంచి తెలుపు, ముడి చుట్టిన జుట్టు అంతకన్నా తెలుపు. ఇంతమందికి వేస్తారు, మీరెందుకు వేసుకోరని ఎవరైనా అడిగితే, "నా తలకు రంగు ఎంచే మొనగత్తె ఇంకా పుట్టలేదు" అంటుంది. అది గర్వమే. దాచుకోదు కూడా.

ఏప్రన్ కట్టుకుని, కుర్చీ మీది దీపాలు ఆర్పేసింది. తెర పక్కకు లాగింది. మేకుకు వేలాడుతున్న ఇత్తడి రింగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. దానికి యాభై నాలుగు జుట్టుపాయలు, చిటికెనవేలంత పొడవువి, దారంతో బిగించి కట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో రంగు, అన్నీ ఆవిడ చేత్తో వేసినవే. వాటిని వేళ్ళతో దువ్వుతూ నిట్టూర్చింది. ఈ పాయలు కూడా పాతబడి పసుపెక్కిపోతున్నాయి. అందుకే ఈ మధ్య ఎవరికి ఏ రంగు ఎంత కలపాలో చీటీ రాసేటప్పుడు పాయలో కనబడే రంగుకంటే ఒక మెట్టు బూడిద ఛాయ ఎక్కువ వేసి రాస్తోంది. పాయ మోసం చేసినా తను మోసపోకూడదు కదా.

చీటీ రాయడం ఆవిడ వంతు, కలపడం తొట్టి చెల్లి వంతు. వెనక గదిలో తల కడిగే తొట్టి దగ్గర పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి ఈ తొట్టి చెల్లి. నలభై ఆరేళ్ళుంటాయి. పలుచని మనిషి, మాట ఇంకా పలుచన. కిటికీ అక్క చీటీ అందిస్తే చూసి, తలూపి, లోపలికి వెళ్ళి గిన్నెలో రంగు కలిపి తెస్తుంది. ఇద్దరి మధ్యా రోజుకు పది మాటలు దాటవు. అయినా ఒకరు సెలవు పెడితే రెండోవారికి చేతులాడవు.

కిటికీ అక్కకు ఒకే ఒక్క గొప్ప ఉంది. వేసిన తల ఏదీ బాగాలేదని తిరిగి రాలేదు. మొదట్లో ఒక్కటంటే ఒక్కటి వచ్చింది. తనకప్పుడు ఇరవై రెండేళ్ళు. తెల్లటి ఒంటిఛాయ ఉన్న ఒక పంతులమ్మ కాటుకలాంటి నలుపు కావాలంటే, అడిగింది కదా అని వేసేసింది. వారం తిరక్కుండా ఆ పంతులమ్మ వచ్చి ఇదే కుర్చీలో కూలబడి, "పిల్లలు నాకు ఒంట్లో బాగాలేదా అని అడుగుతున్నారమ్మా" అంది. కన్నీళ్ళు పెట్టుకుంది. తెల్లటి మొహం పక్కన అంత నలుపు పెడితే మొహంలో రక్తమంతా లాగేసినట్టు ఉంటుందని కిటికీ అక్కకు ఆ రోజు తెలిసింది. అప్పట్నుంచే కిటికీ, అప్పట్నుంచే రింగు, అప్పట్నుంచే చెవి వెనక పాయ. తలంతా వేసే ముందు చెవి వెనక ఒక్క పాయకు వేసి, ఆరబెట్టి, వెలుగులో చూస్తే గాని ముందుకు కదలదు. తొందర ఉందన్నవాళ్ళకు గుమ్మం చూపిస్తుంది.

పది గంటలకు రేడియో ఆవిడ వచ్చింది. ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే వార్తలు చదివే గొంతు. ఆ గొంతు వినని ఇల్లు ఊళ్ళో లేదు, ఆ మొహం చూసినవాళ్ళు మాత్రం పట్టుమని పదిమంది ఉండరు. ఇప్పుడు ఆవిణ్ణి టీవీకి మార్చారు. రేపు పొద్దున మొదటిసారి కనబడాలి.

"నాకు భయంగా ఉందండీ" అంది రేడియో ఆవిడ కూర్చుంటూనే. "గొంతు విని నన్నెలా ఊహించుకున్నారో ఏమో. మంచి నల్లగా వేసేయండి, పదేళ్ళు తగ్గినట్టుంటుంది."

"పదేళ్ళు తగ్గదు, పది రోజులు లంఖణాలు చేసినట్టుంటుంది" అంది కిటికీ అక్క. "ముందు ఆ లిప్‌స్టిక్ తుడుచుకోండి."

రేడియో ఆవిడ మారుమాట్లాడకుండా తుడుచుకుంది. కిటికీ అక్క ఆవిడ మెడ చుట్టూ తువ్వాలు కప్పి, జుట్టంతా ఇంకో తువ్వాలులో దాచేసి, కుర్చీని వెలుగుకు తిప్పింది. ఇటుకరంగు గుడ్డ ఒకటి, మబ్బురంగు గుడ్డ ఒకటి తీసి, ఒకదాని తర్వాత ఒకటి దవడ కింద పెట్టి చూసింది. మణికట్టు తిప్పి లోపలి నరాల రంగు చూసింది.

"తెల్లగా ఉన్నామంటే సరిపోదండీ. తెలుపులో బోలెడు తెలుపులు. కొందరిది గులాబీ తెలుపు. వాళ్ళకు ఎర్రటి రంగు వేస్తే చెంపలు వాయించుకున్నట్టుంటుంది, కాస్త బూడిద కలిసిన గోధుమరంగు చల్లగా ఉంటుంది. కొందరిది దబ్బపండు ఛాయ. వాళ్ళకు బూడిద పనికిరాదు, మొహం వాడిపోతుంది. తేనె రంగు వేయాలి, బంగారు ఛాయ తగలాలి. మీరు దబ్బపండు. ఇదిగో, ఇటుకరంగు గుడ్డ పెట్టగానే మీ కళ్ళు ఎలా వెలిగాయో చూడండి."

రేడియో ఆవిడ అద్దంలో చూసుకుని నవ్వింది. వచ్చాక అదే మొదటి నవ్వు.

కిటికీ అక్క రింగులోంచి పాయ ఎంచి పట్టుకుంది. చీటీ రాసింది. తొట్టి చెల్లి చెయ్యి చాపింది. కిటికీ అక్క చీటీ ఇవ్వలేదు.

"ఈ గిన్నె నేనే కలుపుతాను. రేపు ఊరంతా చూసే తల ఇది."

తొట్టి చెల్లి మొహం పాలిపోయింది. "నేను కలిపిస్తానక్కా. మీకెందుకు శ్రమ?"

"శ్రమేమిటే? నీకు నేర్పింది నేను కాదూ?"

"అది కాదక్కా..." అంటూ తొట్టి చెల్లి వెనక గదిలోకి ఆవిడ వెంటే వచ్చింది. కిటికీ అక్క ట్యూబులు పిండి, తూచి, కుంచెతో తిప్పి, రంగు చూసింది. ఇంకా పసుపు కొడుతోంది. బూడిద ఛాయ ఇంకో బఠాణీ గింజంత వేసింది. ఇప్పుడు బాగుంది.

చెవి వెనక పాయకు రాసి, అరగంట ఆగి, కడిగి, ఆరబెట్టి, వెలుగులో పట్టుకుంది. అబ్బ, ఎంత చక్కగా కుదిరిందో! కిటికీ అక్కకు గుండె నిండిపోయింది. చేతి అద్దం అందించింది.

రేడియో ఆవిడ చూసుకుంది. పాయను ముందుకు లాక్కుని బుగ్గకు ఆనించి మళ్ళీ చూసుకుంది. గొంతు తగ్గించి, "మీకు తెలియదని కాదండీ... ఇది కాస్త బూడిదలా లేదూ? పాచి పట్టినట్టు?" అంది.

"బూడిదా? తేనె రంగండీ ఇది."

"ఏమో మరి, నాకలా కనబడుతోంది. ఈ తువ్వాలు మల్లెపువ్వులా ఇంత తెల్లగా ఉందా, దీని మీద ఆనించి చూస్తే ఇంకా తెలుస్తోంది."

కిటికీ అక్క చెయ్యి ఆగిపోయింది. "ఏం తెల్లగా ఉందన్నారు?"

"తువ్వాలండీ. ఇంత తెల్లటి తువ్వాళ్ళు నేనెక్కడా చూడలేదు."

కిటికీ అక్క తువ్వాలు వంక చూసింది. వెన్నపూస రంగు. కాదు, అంతకన్నా పసుపు. తల తిప్పి తొట్టి చెల్లిని చూసింది. తొట్టి చెల్లి నేల చూపులు చూస్తోంది.

లాండ్రీ బాబాయి బిక్కమొహం గుర్తొచ్చింది. ఆపైన ఇంటాయన గుర్తొచ్చాడు. బస్సు నడిపి నడిపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి, వంటింటి గోడకు తెల్లరంగు రెండుసార్లు వేశాడు. పసుపుగానే ఉందని ఈవిడ సణిగితే, "గోడ మార్చడం నా వల్లయ్యే పనే, నీ కళ్ళు మార్చడం నా వల్ల కాదు" అని వేళాకోళమాడాడు. ఎంత నవ్వుకున్నారో ఆ పూట ఇద్దరూ.

"ఒక్క నిమిషం ఉండండి" అని రేడియో ఆవిడకు చెప్పి వెనక గదిలోకి నడిచింది. తొట్టి కింద సొరుగు తొట్టి చెల్లిది. దాన్ని ఎన్నడూ తెరవలేదు. ఇవాళ తెరిచింది. లోపల బంగారు ఛాయ ట్యూబులు, అడుగుదాకా పిండి మడత పెట్టినవి, వరుసగా పేర్చి ఉన్నాయి. రెండేళ్ళలో తన చీటీల మీద ఆ ఛాయ ఇన్నిసార్లు రాయలేదు. అందులో పావువంతు కూడా రాయలేదు.

తొట్టి చెల్లి గుమ్మంలో నిలబడింది. చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంటూనే ఉంది.

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళవుతోందక్కా. మీరు బూడిద ఎక్కువ రాస్తున్నారు. నేను దాన్ని తగ్గించి, ఇది ఒక చెంచా కలుపుతున్నాను."

"నాకెందుకు చెప్పలేదే?"

"ఎలా చెప్పమంటారక్కా? మీ కంటికి లోపమని నా నోటితో ఎలా అనమంటారు?" తొట్టి చెల్లి ముందుకొచ్చి సొరుగు మూయబోయింది. "రంగే కదా కాస్త అటూ ఇటూ అయింది. మీ ఎంపిక ఏనాడూ తప్పు కాలేదు. ఎవరికి తేనె, ఎవరికి బూడిద అన్నది మీరు చెప్పినట్టే ఉండేది. ఆ గిన్నె ఒక్కటే నేను సర్దేదాన్ని."

కిటికీ అక్కకు ఒళ్ళంతా వేడెక్కింది. కోపం వచ్చింది, సిగ్గు వచ్చింది. రెండేళ్ళ మెప్పు తనది కాదన్నమాట. ఒక్క తలా తిరిగి రాలేదని చెప్పుకున్నప్పుడల్లా ఈ మనిషి ఇక్కడ తొట్టి కడుగుతూ వింటూ ఉందన్నమాట! అక్కడున్న పీట మీద కూర్చుంది. ఒక ట్యూబు తీసి చూసింది. మడతలు ఎంత సమంగా ఉన్నాయో. ట్యూబును అడుగు నుంచి మడుచుకుంటూ పిండాలని, చుక్క పారెయ్యకూడదని నేర్పింది తనే. చూస్తూ చూస్తుండగా కోపం జారిపోయింది. దాని చోటికి ఇంకేదో వచ్చింది. తన చేతికింద, పది మాటలైనా మాట్లాడకుండా, ఇంత నిఖార్సయిన కన్ను తయారైంది. తయారు చేసింది ఎవరు మరి?

"లే, బయటికి పద" అంది కూర్చున్నది తనేనని మరచిపోయి.

రేడియో ఆవిడ ముందు నిలబడి, "మీ మాటే నిజం, పాయ పాడైంది. నా పొరపాటు" అంది. ముప్పై తొమ్మిదేళ్ళలో ఆ మాట అనడం రెండోసారి. "మీ తల ఈవిడ వేస్తుంది. ఇక్కడ ఈవిణ్ణి మించిన కన్ను లేదు. నాది కూడా ఈవిడ తర్వాతే."

తొట్టి చెల్లి కిటికీ కుర్చీ వెనక నిలబడింది. కొత్తగా కలిపిన గిన్నె చేతికి తీసుకుంది. మళ్ళీ చెవి వెనక పాయ, మళ్ళీ అరగంట. కిటికీ అక్క ఈసారి పాయ చూడలేదు, రేడియో ఆవిడ మొహం చూసింది. ఆ మొహం విప్పారింది. అది చూడటానికి, తెలుపునంతా పసుపుగా చూపిస్తున్న కంటి శుక్లాలు అడ్డం రాలేదు.

మూడు గంటలకు రేడియో ఆవిడ లేచి, అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి, ఊరంతా ఎరిగిన ఆ గొంతుతో, "నా గొంతుకు తగ్గ మొహం ఇప్పుడొచ్చిందండీ" అంది. తొట్టి చెల్లి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని ఊపింది. పక్కన నిలబడ్డ కిటికీ అక్కకు ఆ మెప్పులో వాటా అడగాలనిపించలేదు. మనిషి మాత్రం పొంగిపోయింది.

సాయంత్రం వెలుగు ఇంకా ఉండగానే ఏప్రన్ విప్పింది. నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద ఉంచింది.

"రేపు కంటి డాక్టరు దగ్గరికెళ్తాను. ఆపరేషన్ అంటే చేయించుకుంటాను" అంది.

"చేయించుకుని తొందరగా వచ్చేయండక్కా. కుర్చీ తుడిచి ఉంచుతాను."

"తుడిచి ఉంచడం కాదు, కూర్చున్నవాళ్ళకు రంగు వెయ్యి. కుర్చీ నీదే. నేను వస్తాను, కాకపోతే కుర్చీ వెనక నిలబడటానికి కాదు." చెప్పులు తొడుక్కుంటూ ఆగింది. "ఇంకో మాట. లాండ్రీ బాబాయితో చెప్పు, నీలిమందు తగ్గించమని. తువ్వాళ్ళు బాగానే ఉన్నాయట."

తొట్టి చెల్లి నవ్వబోయి ఏడ్చేసింది. కిటికీ అక్క ఏడవలేదు. ఆ మెట్లు దిగి, ఆ వీధిలో, వీపు నిటారుగా పెట్టుకుని నడిచి వెళ్ళిపోయింది. మూల తిరిగేదాకా తొట్టి చెల్లి కిటికీలోంచి చూస్తూనే ఉంది.

తర్వాత తెర వేయడానికి చెయ్యెత్తితే మేకుకు ఇత్తడి రింగు కనబడింది. యాభై నాలుగు పాయల కింద మడిచిన చీటీ ఒకటి గుచ్చి ఉంది. విప్పి చూసింది. ఎప్పుడూ రాసే గుండ్రటి రాత. మనిషి అన్నచోట 'నేను' అని ఉంది, ఒంటిఛాయ అన్నచోట 'తెలుపు, ఎలాంటి తెలుపో నువ్వే చూడు' అని ఉంది, రంగు అన్నచోట ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేసి ఉంది.